బుడమేరు వరద, ఇద్దరు స్నేహితులు: మా లఘుచిత్రంలో ఫోన్ ఎత్తని కుర్రాడిని ఎలా నిలబెట్టాలి?

బుడమేరు_గట్టు
మేము విజువల్ కమ్యూనికేషన్ ఆఖరి సంవత్సరం విద్యార్థులం. కోర్సులో భాగంగా ఇరవై నిమిషాలకు మించని లఘుచిత్రం ఒకటి తీసి చూపించాలి. 2024 సెప్టెంబరు 1న విజయవాడను ముంచెత్తిన బుడమేరు వాగు వరదను నేపథ్యంగా ఎంచుకున్నాం. మా బృందంలో కొందరి ఇళ్లు సింగ్ నగర్, పాయకాపురం వైపే ఉన్నాయి కనుక ఇది మాకు టీవీలో చూసిన సంగతి కాదు.

కథ క్లుప్తంగా చెబుతాను. శీను, బాషా ఇంటర్ నుంచి ప్రాణ స్నేహితులు. శీను సింగ్ నగర్ లోపలి కాలనీలో కింది వాటాలో అమ్మమ్మతో, చెల్లెలితో అద్దెకుంటాడు. బాషా ఇల్లు మొగల్రాజపురంలో, నీరు రాని చోట. ఆదివారం ఉదయం నీళ్లు ఇంట్లోకి రావడంతో శీను కుటుంబం డాబా మీదికి చేరుతుంది. అతను మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా బాషాకు ఫోన్ చేస్తూనే ఉంటాడు. బాషా ఎత్తడు. మూడో రోజు పడవ వచ్చి వాళ్లను బయటికి తెస్తుంది. ఆ తర్వాత శీను మాట్లాడడం మానేస్తాడు. చివరికి బాషా వచ్చి క్షమించమంటాడు, ఇద్దరూ కౌగిలించుకుంటారు.

స్క్రిప్టు చదివిన మా మేడమ్, ముగింపులో బలం లేదని, బాషా ఫోన్ ఎందుకు ఎత్తలేదో రాసిన మాకే తెలియడం లేదని అన్నారు. అతను భయపడ్డాడని చూపిద్దామని బృందంలో సగం మంది, కారణం చెప్పకుండా ప్రేక్షకుడికే వదిలేద్దామని మిగతా సగం పట్టుబడుతున్నారు. లఘుచిత్రాలు తీసినవాళ్లు, ఆ వరదను చూసినవాళ్లు సలహా ఇవ్వగలరా?

కత్తెర_బల్ల
మీ మేడమ్ అడిగింది సరైన ప్రశ్నే. నేను దాన్ని ఇంకొంచెం వెనక్కి జరుపుతాను. వరదకు ముందు ఈ ఇద్దరి మధ్య ఏముంది? "ప్రాణ స్నేహితులు" అని మీరు మాకు చెప్పారు, తెర మీద మాత్రం చూపించలేదు. ఒకడు ఇంకొకడికి ఏ విషయంలో ఆధారం, ఎవరు ఎప్పుడూ ముందు ఫోన్ చేస్తారు, ఎవరు ఎక్కువ సర్దుకుపోతారు అన్నవి మొదటి మూడు నిమిషాల్లో కనబడకపోతే, ఆ తర్వాత ఫోన్ ఎత్తకపోయినా చూసేవాళ్లకు నొప్పి కలగదు.

ఎలుగుబంటి ఎదురైతే ఒకడు చెట్టెక్కిన కథ మనమందరం చిన్నప్పుడు విన్నదే. అందులో చెట్టెక్కినవాడి గురించి మనకు ఏమీ తెలియదు, అందుకే అతన్ని తేలిగ్గా తప్పుపడతాం. మీ బాషా ఇప్పటికి ఆ చెట్టెక్కినవాడి స్థితిలోనే ఉన్నాడు.

పాయకాపురం_పిల్ల
నేను ఆ రోజుల్లో డాబా మీద ఉన్నదాన్ని కనుక ఒక సవరణ చెబుతాను. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఫోన్ చేస్తూనే ఉన్నాడంటే మా వైపు వాళ్లు ఎవరూ నమ్మరు. కరెంటు లేదు, ఇన్వర్టర్ నీళ్లలో మునిగిపోయింది, సిగ్నల్ వస్తూ పోతూ ఉండేది. మా ఇంట్లో నాలుగు ఫోన్లుంటే మూడు ఆపేసి ఒకటే తెరిచి ఉంచాం. దాన్ని కూడా ఎవరికి చేయాలో ముందు అనుకుని, మాట్లాడవలసింది మనసులో సిద్ధం చేసుకుని, అప్పుడే వాడేవాళ్లం.

ఎడాపెడా పాతిక సార్లు చేయించే బదులు శీను చేత మూడే కాల్స్ చేయించండి. ఛార్జింగ్ 11 శాతం ఉంది. ఒకటి సహాయ కేంద్రానికి, ఒకటి ఊళ్లో ఉన్న అమ్మకు. మూడోది బాషాకు. ఉన్న కాస్త ఛార్జింగ్‌లో ఒక కాల్ స్నేహితుడికి ఇచ్చాడన్నదే వాళ్ల స్నేహం ఎంతటిదో చెబుతుంది, వేరే మాటలు అక్కరలేదు.

గూడవల్లి_మొబైల్_సినిమా
పైన చెప్పిన మూడు కాల్స్ ఆలోచన చాలా గట్టిది. దయచేసి దాన్ని వదులుకోవద్దు.

మున్నేరు_ఒడ్డు
మాది ఖమ్మం. అదే ఆదివారం మా దగ్గర మున్నేరు పొంగింది. ప్రకాశ్ నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవరు ఒడ్డుకు చేర్చిన సంగతి అందరికీ తెలుసు. ఆ తొమ్మిది మందికీ ఆయన ఏమీ కాడు. ఆపదలో అపరిచితులు ముందుకు రావడం, మనవాళ్లు అనుకున్నవాళ్లు ఆగిపోవడం రెండూ ఆ రోజే చూశాను.

నా సొంత సంగతి ఒకటి చెబుతాను, మీ బాషాకు పనికి రావచ్చు. మేము ఇంట్లోంచి బియ్యం బస్తా, గ్యాస్ బండ, సర్టిఫికెట్ల సంచీ మోసుకుంటూ మొలలోతు నీళ్లలో వస్తుంటే, నాతో పదేళ్లుగా తిరిగిన స్నేహితుడు ఎత్తు మీద జనంలో నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. నన్ను చూశాడు. చెయ్యి ఊపాడు. వీడియో మాత్రం ఆపలేదు. అతను చెడ్డవాడు కాడు, ఆ రాత్రి మాకు అన్నం తెచ్చింది అతనే. అయినా ఆ ఊపిన చెయ్యి నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

పెద్ద ద్రోహం కోసం వెతకకండి. ఇంత చిన్నది చాలు.

బుడమేరు_గట్టు
@మున్నేరు_ఒడ్డు గారూ, మీరు రాసింది చదివాక మాకు ఒక చోటు గుర్తొచ్చింది. సింగ్ నగర్ ఫ్లైఓవర్. వరద రోజుల్లో అది రెండు లోకాల మధ్య సరిహద్దుగా ఉండేది. అవతల కాలనీలు మునిగి ఉన్నాయి, ఇవతల వన్‌టౌన్‌లో, బందరు రోడ్డులో దుకాణాలు తెరిచే ఉన్నాయి. పడవలు అక్కడి నుంచే బయల్దేరేవి, అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు అక్కడే దిగేవి. చూడడానికి వచ్చినవాళ్లు కూడా అక్కడే నిలబడేవారు. బాషా ఆ ఫ్లైఓవర్ మీద ఉండి వీడియో తీస్తున్నప్పుడు శీను ఫోన్ వస్తే?

కత్తెర_బల్ల
ఇక దాన్ని వదలకండి. వీడియో తీస్తుండగా కాల్ వస్తే తెర పైభాగంలో పేరు కనబడుతుంది. వేలు దానంతట అదే ఎర్ర గుర్తు మీదికి పోతుంది, ఎందుకంటే ఆ క్షణంలో హెలికాప్టరు తల మీదికి వచ్చింది, అది వీడియోలో పడాలి. అతను స్నేహితుడిని కాదనలేదు, ఒక అడ్డంకిని మాత్రమే తొలగించాడు. తర్వాత తిరిగి చేద్దామనుకున్నాడు. తిరిగి చేసేసరికి అవతలి ఫోన్ ఆగిపోయి ఉంది. కారణం ఇంత మామూలుగా ఉంటే చూసే ప్రతివాడూ తన వేలిని గుర్తు చేసుకుంటాడు.

నాటకాల_నాగమణి
నేను దీనితో పూర్తిగా ఏకీభవించలేను. కాల్ కట్ చేసిన దృశ్యం చూపించిన మరుక్షణం ప్రేక్షకుడు తీర్పు చెప్పేస్తాడు, మిగతా పది నిమిషాలూ శిక్ష కోసం ఎదురుచూస్తాడు. ముందు శీను వైపు నుంచే నడిపి, మనమూ అతనితోపాటు డాబా మీద కూర్చుని బాషాను అనుమానించేలా చేసి, ఫ్లైఓవర్ సంగతి చివర్లో బయటపెడితే నటులకు కూడా బలంగా ఉంటుంది. రంగస్థలం మీద ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, దాచి ఉంచిన నిజం చెప్పవలసి వచ్చినప్పుడే నటుడి ముఖం మారుతుంది.

కత్తెర_బల్ల
నాగమణి గారూ, మీరన్నది నాటకంలో నిలుస్తుంది. ఇరవై నిమిషాల చిత్రంలో చివరి వరకు దాచితే అది పొడుపుకథ అవుతుంది, చూసేవాడు స్నేహాన్ని వదిలి రహస్యాన్ని పట్టుకుంటాడు. మనకు ముందే తెలిసి, శీనుకు తెలియకపోతే, వాళ్లిద్దరూ ఎదురుపడే ప్రతి దృశ్యంలోనూ బిగువు ఉంటుంది.

నాటకాల_నాగమణి
ఎడిటింగ్‌లో రెండు రకాలుగానూ కూర్చి చూడమని పిల్లలకు చెబుదాం. నా అభిప్రాయం మారలేదు.

ఆవలి_ఒడ్డు
నేను డాలస్‌లో ఉంటాను. ఆ ఆదివారం విజయవాడలో మధ్యాహ్నం పన్నెండు అయినప్పుడు మాకు అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. నా చిన్ననాటి స్నేహితుడు రాజరాజేశ్వరిపేట నుంచి ఆ సమయంలో నాకు వాట్సాప్ కాల్ చేశాడు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే మిస్డ్ కాల్స్, వాటి కింద "నీళ్లు మెట్ల దాకా వచ్చాయిరా" అన్న ఒక్క వాక్యం. నేను తిరిగి చేస్తే స్విచ్ఛాఫ్.

అప్పటి నుంచి నేను చేసిన పనులు చెబితే నవ్వుతారేమో. తెలిసిన ప్రతివాడికీ అతని ఇంటి లొకేషన్ పంపాను, సహాయ కేంద్రం నంబర్లకు ఇంటర్నెట్ నుంచి చేస్తూ కూర్చున్నాను, వార్తల్లో డ్రోన్లు డాబాల మీద అన్నం పొట్లాలు దించుతున్న దృశ్యాలు ఆపి ఆపి చూసి అది అతని వీధేనా అని వెతికాను. నేను నిద్రలో ఉండడం తప్పు కాదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా చాలాకాలం మా మాటల్లో ఏదో తేడా ఉండిపోయింది. నేను చేసిన ప్రయత్నమంతా అతనికి కనబడలేదు, అతను గడిపిన రాత్రి నాకు కనబడలేదు.

అందుకే విన్నవించేది ఒకటే. బాషా ఫోన్ కట్ చేసిన తర్వాతి గంటలు కూడా చిత్రంలో ఉండాలి. ఎత్తని ఫోన్‌కు అవతలి వైపు కూడా ఒక మనిషి ఉంటాడు.

పాయకాపురం_పిల్ల
@ఆవలి_ఒడ్డు గారూ, నవ్వే విషయం ఏమీ లేదు. మా పక్కింటివాళ్లకు పడవ రావడానికి కారణం బెంగళూరులో ఉన్న వాళ్లబ్బాయి పంపిన లొకేషనే.

బురుజు_నీడ
మాది కర్నూలు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు నేను పదో తరగతి. ఆ వరద మా స్నేహాలను చెడగొట్టలేదు, కలిపింది. రెండు అంతస్తుల ఇల్లున్న మా స్నేహితుడి కుటుంబం ముప్పై మందికి పైగా జనాన్ని పైన ఉంచుకుంది. వాళ్ల పెద్దమ్మ ఉన్న బియ్యాన్నే ఉప్మాలా ఉడికించి ఆకుల్లో పెట్టింది. ఆ స్నేహితుడితో నా మాటలు ఆగిపోయింది నాలుగేళ్ల తర్వాత, ఒక చిట్టీ డబ్బు దగ్గర.

ఆపద వస్తే స్నేహం బయటపడుతుందని అందరూ అంటారు. నా అనుభవంలో ఆపద రోజుల్లో మనుషులు తమ మామూలు స్థాయికంటే మంచిగా ఉంటారు. పరీక్ష అంతా తర్వాత, ఎవరి లెక్కలు వాళ్లు చూసుకునే రోజుల్లో మొదలవుతుంది. మీ కథలో నీళ్లు తగ్గాక ఏం జరుగుతుందో దానికే ఎక్కువ నిడివి ఇవ్వండి.

కృష్ణలంక_వాసి
బురుజు_నీడ గారి మాటకు విజయవాడ ఉదాహరణే ఉంది. ప్రభుత్వం ప్రకటించిన సాయంలో నీట మునిగిన కింది అంతస్తు ఇళ్లకు 25,000 రూపాయలు, మొదటి అంతస్తు, ఆపై ఉన్న ఇళ్లకు 10,000 రూపాయలు. ద్విచక్ర వాహనాలకు 3,000. నష్టం రాసుకోవడానికి సిబ్బంది వచ్చిన రోజుల్లో మా బంధువుల వీధిలో, అంతవరకు ఒకే పొయ్యి మీద వండుకున్న పై వాటావాళ్లు, కింది వాటావాళ్లు పేర్ల దగ్గర మాటామాటా అనుకున్నారు.

కుర్రాళ్లిద్దరినీ ఒకే భవనంలో పెట్టి, ఒకడిని పైన ఇంటి యజమాని కొడుకుగా, ఇంకొకడిని కింద అద్దెకున్నవాడిగా చేస్తే కథ మొత్తం అక్కడే ఉంది. ఫ్లైఓవర్ కూడా అవసరం లేదు.

కత్తెర_బల్ల
అది మంచి చిత్రమే, కానీ ఇది కాదు. స్నేహితుడు పై అంతస్తులోనే ఉంటే ఫోన్ కాల్ ఉండదు, దూరం ఉండదు. రెండు కథలను ఒకే ఇరవై నిమిషాల్లో కుక్కితే రెండూ మిగలవు. సాయం సంగతిని నేపథ్యంలో ఒక సంభాషణగా వాడుకోవచ్చు.

కృష్ణలంక_వాసి
సరే, మరొకరెవరైనా ఆ కథ తీస్తే సంతోషిస్తాను. వాస్తవాల విషయంలో ఒక హెచ్చరిక కూడా చేస్తాను. చాలా వీడియోల్లో కృష్ణా నది వరద, బుడమేరు వరద ఒకటేనన్నట్లు కలిపేస్తున్నారు. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.4 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చింది, కొట్టుకొచ్చిన పడవలు తగిలి గేట్ల కౌంటర్ వెయిట్లు (గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలు) దెబ్బతిన్నాయి, అదంతా నిజమే. సింగ్ నగర్‌ను ముంచింది మాత్రం బుడమేరు. దాని మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి, సైన్యం సాయంతో వాటిని పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. మళ్లింపు కాలువ కలవవలసింది కృష్ణలోనే, ఆ నది అప్పటికే నిండి ఉంది. మీ చిత్రం బ్యారేజీ దృశ్యంతో మొదలుపెడితే ఊరివాళ్లు అక్కడే వదిలేస్తారు.

దివిసీమ_మాస్టారు
శీను అమ్మమ్మ పాత్ర గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆమె వయసు డెబ్బై దాటిందనుకుంటే, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు నుంచి ఆ తర్వాత బెజవాడ వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఉన్నాయి. ఆమెను ఆ ప్రాంతం మనిషిగా చేస్తే, నీళ్లను చూసి ఆమె ప్రవర్తన వేరుగా ఉంటుంది. మనవడు ఈదుకుంటూ పోయి సాయం తెస్తానంటే ఆమె అతని చొక్కా పట్టుకుని వదలదు. ఉప్పెన గురించి ఒక్క మాట కూడా ఆమె చేత చెప్పించవద్దు. ఆ పట్టు చాలు.

ఇంకొకటి. శవాలను, కొట్టుకుపోయే పశువులను చూపించి కన్నీళ్లు రాబట్టవద్దు. చూసినవాళ్లం ఇంకా ఉన్నాం.

బుడమేరు_గట్టు
మాస్టారూ, మీ సూచనను యథాతథంగా తీసుకుంటున్నాం. అటువంటి దృశ్యాలు మా స్క్రిప్టులో లేవు, ఇకముందూ ఉండవు.

ఇప్పుడు తీయడం గురించి అడుగుతాను. కాలువలోనో చెరువులోనో దిగి తీద్దామని మా కెమెరా మిత్రుడి ఆలోచన. అది సురక్షితమేనా?

నీటి_షూటింగ్
వద్దు. పారే నీటిలోనూ, అడుగు తెలియని చెరువులోనూ దిగవద్దు. మునిసిపల్ కాలువ నీటిలో గాజుపెంకులుంటాయి, కాలికి చిన్న గీత పడినా ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ వంటి జబ్బులు సోకవచ్చు. విద్యార్థుల చిత్రం కోసం ఎవరి ప్రాణమూ పణంగా పెట్టనక్కరలేదు.

మేము ఒకసారి చేసిన పద్ధతి చెబుతాను. ఖాళీ స్థలంలో నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పున ఇటుకలు గట్టిగా పేర్చి, లోపల మందపాటి టార్పాలిన్ పరిచి, ఒక అడుగు ఎత్తు నీళ్లు నింపాం. దానికి దాదాపు 5,000 లీటర్లు పడుతుంది, అంటే ఒక ట్యాంకరు. నటుడు మోకాళ్ల మీద కూర్చుని కదిలితే, కెమెరాను నీటి మట్టానికి దగ్గరగా దించితే, మొలలోతు నీళ్లలో ఉన్నట్లే కనబడుతుంది. మురికి రంగు కోసం శుభ్రమైన నల్లరేగడి మట్టిని గుడ్డలో వేసి కలపండి. ఎర్రమట్టి కలిపితే అది మీ ఊరి వరద అనిపించదు. కరెంటు తీగలతో వచ్చే లైట్లు ఆ దరిదాపులకు రానివ్వకండి, బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీలు మాత్రమే వాడండి. నటులు గంటకు మించి నీళ్లలో ఉండకూడదు, పొడి తువ్వాళ్లు, వేడి టీ పక్కనే ఉండాలి.

గూడవల్లి_మొబైల్_సినిమా
ఫోన్‌తో తీస్తున్నట్లయితే సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు వేగం సెకనులో 1/50 పెట్టి, మారకుండా తాళం వేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక గదుల్లోని ట్యూబులైట్లు తెర మీద రెపరెపలాడవు. ఎక్స్‌పోజరు (వెలుతురు మోతాదు) కూడా తాళం వేయకపోతే నీటి మీద మెరుపు వచ్చినప్పుడల్లా ముఖాలు నల్లబడతాయి.

పాయకాపురం_పిల్ల
అసలు నీళ్లు ఎక్కువ చూపించనక్కరలేదేమో ఆలోచించండి. మాకు నీళ్లకంటే అవి పోయాక మిగిలినదే పెద్ద బాధ. గోడల మీద అందరి ఇళ్లలోనూ ఒకే ఎత్తున గీత. వీధి పొడవునా ఉబ్బిన పరుపులు. మెకానిక్ షెడ్డు ముందు ఇంజన్లో నీళ్లు దూరిన బళ్ల వరుస. బురద కడగడానికి ఫైరింజన్లు వచ్చి ఇళ్లలోకి పైపులు పెట్టాయి. మా తమ్ముడి పదో తరగతి మార్కుల మెమో, కుల ధ్రువపత్రం ఒకదానికొకటి అంటుకుపోతే అమ్మ వాటిని ఆవిరి మీద పట్టి, దబ్బనంతో అంచు లేపి, పలచని నూలు గుడ్డ మధ్యలో పెట్టి విడదీసింది. సంతకం ఉన్న చోట సిరా పాకింది, ముద్ర మాత్రం నిలిచింది. ఇవి తీయడానికి మీకు ట్యాంకరు కూడా అక్కరలేదు.

ధ్వని_పెట్టె
అందరూ బొమ్మ గురించే మాట్లాడుతున్నారు, చిత్రం సగం వినబడేదని మరిచిపోవద్దు. వరదలో ఉన్నవాళ్లు చెప్పే మాట ఒకటే, ఊరు నిశ్శబ్దమైపోయిందని. ఫ్యాన్లు లేవు, నీటి మోటార్లు లేవు, బళ్లు లేవు. అప్పుడు డాబా నుంచి డాబాకు పిలుచుకునే గొంతులు, కప్పలు, దూరంగా హెలికాప్టరు విడివిడిగా వినబడతాయి. దీనికోసం డాబా మీద రాత్రి మూడు గంటల వేళ కనీసం ఒక నిమిషం పాటు ఎవరూ కదలకుండా చుట్టూ ఉన్న శబ్దాన్ని రికార్డు చేసుకోండి. సంభాషణల మధ్య ఖాళీలు దానితో నింపాలి, లేకపోతే ప్రతి కట్ దగ్గరా చెవికి తెలిసిపోతుంది. వాన దృశ్యాల్లో మాటలు స్పష్టంగా రావు, వాటికి డబ్బింగ్ తప్పదు, నటులను ముందే సిద్ధం చేయండి.

కాల్ దృశ్యానికి నా సలహా కాలర్ ట్యూన్. శీను ఫోన్ చెవిన పెట్టుకుంటే బాషా పెట్టుకున్న హుషారైన కాలర్ ట్యూన్ మోగుతుంది. అమ్మమ్మ తడి చీరతో చూస్తోంది, చెల్లెలు ఛార్జింగ్ శాతం చూస్తోంది, ఆ పాట మాత్రం సాగుతూనే ఉంది, మధ్యలో తెగుతుంది. సినిమా పాట వాడితే హక్కుల చిక్కు వస్తుంది కనుక మీ మిత్రుల చేతనే ఒక బాణీ కట్టించుకోండి. మొదటి మూడు నిమిషాల్లో ఇద్దరూ కలిసి ఆ ట్యూన్ పెట్టుకున్న దృశ్యం ఉంటే, కత్తెర_బల్ల గారు అడిగిన పాత బంధం కూడా అందులోనే తేలిపోతుంది.

నాటకాల_నాగమణి
ఇది మాత్రం ఎవరూ కాదనలేని సూచన.

అద్దె_గది_రచయిత
ఒక విషయం సూటిగా అడుగుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. ఇద్దరిలో ఆపదలో ఉన్నవాడు శీను, ఫోన్ ఎత్తనివాడు బాషా. మీరు ఉద్దేశపూర్వకంగా చేయలేదని నమ్ముతున్నాను. అయినా చిత్రం బయటికి వెళ్లాక దాన్ని మీ ఉద్దేశంతో చూడరు, పేర్లతో చూస్తారు. ముస్లిం కుర్రాడు నమ్మకద్రోహిగా మిగిలితే మీరు చెప్పదలచుకున్న స్నేహం వెనక్కి పోయి వేరే చర్చ ముందుకు వస్తుంది. వరద రోజుల్లో మసీదుల నుంచి, గుళ్ల నుంచి, చర్చిల నుంచి అన్నం వండి పంపినవాళ్లను చూశాం, ఆ అనుభవానికి అన్యాయం చేయకండి.

కృష్ణలంక_వాసి
ముస్లిం పాత్ర ఎప్పుడూ మంచిదే అయి ఉండాలన్న నియమం కూడా ఒక రకమైన దూరం పెట్టడమే కదా?

అద్దె_గది_రచయిత
నియమం అని నేను అనలేదు. ఆ పాత్రకు సొంత వైపు ఇవ్వకుండా తప్పు మాత్రమే ఇవ్వడం మీద నా అభ్యంతరం. ఆవలి_ఒడ్డు గారు చెప్పినట్లు ఆ తర్వాతి గంటలు చూపిస్తే నా అభ్యంతరం చాలావరకు తగ్గుతుంది.

బుడమేరు_గట్టు
బృందమంతా కూర్చుని ఇవన్నీ చదివాం. పేర్లు తారుమారు చేస్తున్నాం. ఇకపై డాబా మీద ఉన్నది బాషా, అతని నానమ్మ, చెల్లెలు. ఫ్లైఓవర్ మీద ఉన్నది శీను. రాజరాజేశ్వరిపేటలో ఉన్న మా మిత్రుడి ఇల్లే బాషా ఇల్లు కనుక మాకు ఇది ఇంకా దగ్గరైంది. కాల్ కట్ చేయడం ముందే చూపిస్తాం. ఆ తర్వాత శీను రాత్రంతా ఫ్లైఓవర్ దగ్గరే తిరుగుతూ పడవలవాళ్లకు బాషా ఇంటి గుర్తులు చెబుతాడు, లోపలికి పోవడానికి అడిగినంత డబ్బు అతని దగ్గర ఉండదు. తెల్లవారేసరికి అతను పెట్టిన వీడియోను వేల మంది చూసి ఉంటారు, అతను దాన్ని తీసేస్తాడు. ఇదేదీ బాషాకు తెలియదు.

ముగింపు దగ్గర ఆగిపోయాం. క్షమాపణ, కౌగిలి తీసేశాం. దాని బదులు శీను చీపురు పట్టుకుని వచ్చి మాటల్లేకుండా బురద కడిగితే ఎలా ఉంటుంది?

కత్తెర_బల్ల
అది కూడా క్షమాపణే, చీపురు పట్టుకున్న క్షమాపణ. చేసినవాడు మంచివాడైపోయి కథను ముగించేస్తాడు, బాధపడినవాడికి చేయడానికి ఏమీ మిగలదు. ఇది బాషా చిత్రం, చివరి నిర్ణయం అతనిది కావాలి.

ఇంట్లో ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. లోపల నీళ్లు, కుళ్లిన సామాను, తలుపు ఉబ్బింది. ఒక్కడి వల్ల లేవదు. నానమ్మ, చెల్లెలు పట్టలేరు. గుమ్మం బయట శీను నిలబడి ఉన్నాడు. బాషా ఎవరినో ఒకరిని పిలవాలి. అతను శీనును "ఆదివారం ఎక్కడున్నావు?" అని అడగాలి, శీను అబద్ధం చెప్పకుండా "ఫ్లైఓవర్ మీద" అనాలి. రాత్రంతా తిరిగిన సంగతి అతను చెప్పుకోకూడదు. ఆ తర్వాత బాషా ఫ్రిజ్‌కు ఒక వైపు పట్టుకుని ఇంకో వైపు ఖాళీగా వదులుతాడు. క్షమించాడో లేదో మనకు తెలియదు, ఫ్రిజ్ మాత్రం బయటికి రావాలి.

మున్నేరు_ఒడ్డు
ఇలాగే తీయండి. నా స్నేహితుడు అన్నం తెచ్చిన రాత్రి మేం కూడా అలాగే ఉన్నాం. ఆకలేసింది, తిన్నాం. మిగతాది ఎవరూ ఎత్తలేదు.

ఆవలి_ఒడ్డు
రాత్రంతా తిరిగిన సంగతి శీను చెప్పకపోవడం నాకు నచ్చింది, కానీ బాషాకు అది ఎప్పటికీ తెలియకపోతే అన్యాయం అనిపిస్తుంది. పడవ నడిపినవాడి నోట ఒక్క మాట రాకూడదా? "మీ కోసం ఒక కుర్రాడు మా ప్రాణం తీశాడయ్యా" అని, పేరు తెలియకుండా. అది మూడో రోజు పడవలో జరిగిపోతే, బాషా దాన్ని అప్పుడు పట్టించుకోకపోయినా తర్వాత గుర్తుకు తెచ్చుకునే వీలుంటుంది.

నాటకాల_నాగమణి
పడవవాడి మాట ఉంటే బాషా చెయ్యి పట్టుకోవడానికి కారణం దొరుకుతుంది. కారణం దొరికితే అతని నిర్ణయం విలువ తగ్గుతుంది. నేను ఆ మాట వద్దంటాను.

బురుజు_నీడ
ఆ మాట ఉండాలి. నిజ జీవితంలో ఇలాంటివి మూడో మనిషి నోటనే తెలుస్తాయి. మా చిట్టీ గొడవలో అటువంటి మూడో మనిషి లేకపోవడమే మాకు లోటైంది.

బుడమేరు_గట్టు
పడవవాడి మాటతో ఒకసారి, లేకుండా ఒకసారి తీస్తాం. ఎడిటింగ్‌లో రెండూ చూసి నిర్ణయిస్తాం, రెండు కూర్పులూ ఇక్కడ పెడతాం. ఇంకో రెండు సందేహాలు. అసలైన వరద దృశ్యాలు టీవీ చానళ్ల నుంచి తీసుకోవచ్చా? చిత్రం పూర్తయ్యాక బయట పోటీలకు పంపాలంటే ముందే ఏం చూసుకోవాలి?

గూడవల్లి_మొబైల్_సినిమా
చానళ్ల దృశ్యాలు లిఖితపూర్వక అనుమతి లేకుండా వాడవద్దు. ఆ రోజుల్లో మీ కాలనీవాళ్లే ఫోన్లలో తీసుకున్నవి బోలెడు ఉంటాయి. తీసినవారి నుంచి, అందులో ముఖం స్పష్టంగా కనబడేవారి నుంచి ఒక కాగితం మీద సంతకం తీసుకుని వాడుకోండి. శీను ఫ్లైఓవర్ మీద తీసిన వీడియోగా అవే సరిపోతాయి.

జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో లఘుచిత్రం 30 నిమిషాల లోపు ఉండాలి, సెన్సారు ధ్రువపత్రం కూడా కావాలి. మీ నిడివికి ఇబ్బంది లేదు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ముందే వేసుకోండి.

పాయకాపురం_పిల్ల
మా ఇంటి గోడ మీద నీటి గీత ఇంకా ఉంది, ఈ పండక్కి సున్నం వేయిద్దామని నాన్న అంటున్నారు. మీకు ఆ గోడ కావాలంటే షూటింగ్ తేదీలు చెప్పండి, అప్పటిదాకా ఆపమని అడుగుతాను. పాడైన ఫ్రిజ్ మాత్రం పాత సామాన్లవాడికి ఇచ్చేశాం. వన్‌టౌన్‌లో పాత ఇనుము కొట్ల దగ్గర అడిగితే అద్దెకు దొరకవచ్చు.

నీటి_షూటింగ్
ఫ్రిజ్ తెచ్చుకుంటే వెనక ఉన్న కంప్రెసరు ముందే తీయించండి. బరువు కొంత తగ్గుతుంది, కుర్రాళ్ల నడుములు పట్టేయవు. మోస్తున్నప్పుడు బరువుగా ఉన్నట్లు నటించడం వాళ్లకు నాగమణి గారు నేర్పుతారు.

నాటకాల_నాగమణి
నేర్పుతాను. ఆదివారాల్లో నాకు వీలవుతుంది, ఇద్దరు కుర్రాళ్లనూ పంపండి.